ముప్ఫైరెండు రాగి రేకులు

తాయెత్తులు కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకటి కాదు, ముప్ఫైరెండు కట్టాను. జాతకాలనూ ముహూర్తాలనూ యంత్రాలనూ వేదికలెక్కి తిట్టడమే పనిగా పెట్టుకున్న మనిషిని, నా చేతులతోనే రాగి రేకు కత్తిరించి, దాని మీద అక్షరాలూ అంకెలూ చెక్కి, బెజ్జం వేసి, తీగ దూర్చి కట్టాను. నేను కట్టింది మామిడి అంట్లకు. వాటిని విప్పి పిల్లల మెడల్లో వేసుకున్నది జనం. ఆ నాలుగు రోజుల్లో నా బుర్రకు ఎక్కినంత, అంతకు ముందు పదేళ్ళ వాదోపవాదాల్లో ఎక్కలేదు.

యాభైల చివరి సంవత్సరాలవి. కోట అనే ఊరికి తూర్పున, గాలి మళ్ళితే సముద్రపు హోరు వినపడే ఊళ్ళో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఇంట్లో ఇద్దరమే, నేనూ మా మేనత్తా. ఆమెకు పన్నెండో ఏట పెళ్ళి చేశారు, పద్నాలుగో ఏట బొట్టు తుడిపారు. ఆ తర్వాత నలభై ఏళ్ళు సంగం దగ్గర పుట్టింట్లో, అంటే మా తాతగారి ఇంట్లో, మామిడి తోట ఊడుస్తూ గడిపింది. ఆ ఇంట్లో పంపకాలయ్యాక నా దగ్గరికి వచ్చింది. వితంతు వివాహం మీద ఒక వ్యాసం రాసి ఆవేశంగా ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "బాగుండాదిరా అబ్బయా. ఇదేదో ముప్పయ్యేళ్ళ ముందు రాసుంటే ఇంకా బాగుండు" అన్నది. మా అత్త మీద నేను గెలిచిన వాదన ఒక్కటీ గుర్తు లేదు.

ఆ ఏడు ముప్ఫైరెండు అంట్లు తయారుచేశాను. ఊళ్ళో ఒక రైతు తోటలో ఆరు జాతుల చెట్లుండేవి: బంగినపల్లి, రుమానీ, నీలం, చెరుకు రసం, బెంగుళూరు, ఇమాం పసందు. కుండల్లో టెంక మొలకలు పెంచి, ఆ కుండల్ని చెట్టు కొమ్మల పక్కన మంచె మీద నిలబెట్టి, మొలక కాండాన్నీ చెట్టు కొమ్మనూ కొంచెం కొంచెం చెక్కి, రెండు గాయాల్నీ ఆనించి అరటి నారతో చుట్టాలి. మూడు నెలలకు రెండూ ఒకటవుతాయి. గాయమూ గాయమూ కలిసి ఒక ప్రాణం కావడం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరించేది. దానికి ఏ మంత్రమూ అక్కర్లేదు. పదునైన కత్తీ, తొందరపడని చెయ్యీ ఉంటే చాలు.

ముప్ఫైరెండో కుండ సంగతి వేరు. మా తాతగారి ఇంట్లో బావి గట్టున ఒక చెట్టుండేది. అది ఏ జాతో ఎవరూ చెప్పలేరు. బావిగట్టు కాయ అనేవాళ్ళం. పండినా తొక్క పచ్చగానే ఉండేది. తొడిమ దగ్గర కొరికితే మిరియం నమిలినట్టు చిన్న ఘాటు తగిలేది. మరే మామిడిలోనూ నాకు ఆ ఘాటు కనపడలేదు. కాలువ వెడల్పు చేసే పనిలో ఆ చెట్టు పోతుందని తెలిసి, రెండు కుండలు బండిలో వేసుకుపోయి అంటు కట్టి వచ్చాను. మూడు నెలల తర్వాత తెచ్చుకున్నాను. ఒకటి ఎండిపోయింది, ఒకటి బతికింది. కుండ మా ఇంటికి చేరిన నెలకు చెట్టును కొట్టేశారు. ఇక ఆ చెట్టు లోకంలో మిగిలింది మా పెరట్లోనే, జానెడు కుండలో, గుప్పెడు ఆకులతో. అత్త పొద్దున్నే ముందు దానికి నీళ్ళు పోసి, తర్వాత తక్కినవాటికి పోసేది. ఒక్కసారి మాత్రం, "కాపుకొచ్చేదానికి ఎన్నేళ్ళు పడుతుందిరా?" అని అడిగింది.

"ఐదేళ్ళు."

"ఉంటాలే" అన్నది.

మిగిలిన ముప్ఫైఒక్కటీ ముప్ఫైఒక్క ఇళ్ళకు ఇస్తానని మాటిచ్చాను. ఊళ్ళో కొన్ని, ఊరవతల పల్లెలో కొన్ని, సముద్రపొడ్డున చేపలవాళ్ళ పాలెంలో కొన్ని. ఒకే తోట కాయలు అన్ని కులాల పెరళ్ళలో కాయాలని నా పంతం. ఎవరికి ఏ జాతి కావాలో అడిగి రాసుకున్నాను. అంటు మొక్క చిన్నగా ఉన్నప్పుడు నా కంటికి అన్నీ ఒకటే. రుమానీ అని చెప్పి ఇచ్చిన మొక్క ఐదేళ్ళు నీళ్ళు పోయించుకుని బెంగుళూరు కాస్తే, నేను ఆ ఇంటికి అబద్ధం చెప్పినట్టే. కాబట్టి ప్రతి మొక్కకూ పేరు కట్టాలి, ఆ పేరు ఐదేళ్ళు బతకాలి.

మా ఊరి ఉప్పుగాలిలో ఏ రాతా ఐదు నెలలు కూడా బతికేది కాదు. అంతకు ముందు ఏళ్ళలో పెరటి మొక్కలకు కట్టడానికి మొదట అట్టముక్కల మీద సిరాతో రాసి మైనం పూశాను. ఎండకు మైనం కరిగింది, వానకు సిరా కరిగింది. తాటాకు మీద గంటంతో గీసి, మసీ ఆముదమూ రుద్దాను. అటక మీద తరాల తరబడి నిలిచే తాటాకు ఆరుబయట ఒక్క వానాకాలానికి బూజు పట్టి ముడుచుకుపోయింది. పడవలకు పూసే తారు తెచ్చి సరుగుడు బద్దలకు పూసి, పైన తెల్లరంగుతో రాశాను. రంగు పొరలు పొరలుగా లేచిపోతే, మట్టిలో గుచ్చిన కొసను చెదలు తిన్నాయి. చివరికి కిరసనాయిలు డబ్బా కోసి రేకు ముక్కల మీద మేకుతో గీశాను. మూడు నెలల్లో తుప్పు పట్టి చేతిలో పొడి అయింది.

"నీ వ్యాసాలు గూడా ఇట్నే ఉంటాయేమో చూసుకోరా" అన్నది అత్త.

ఒక ఆదివారం ఆమె బావి దగ్గర కూర్చుని చిల్లు పడ్డ రాగి బిందెను చింతపండుతో తోముతోంది. ఆమె పెళ్ళికి తాతగారు పెట్టిన బిందె. అందులో నీళ్ళు నిలవక ఏళ్ళయినా తోమడం మానలేదు. బిందె మెడ కింద చుక్కలు చుక్కలుగా తాతగారి పేరు ఉంది. గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు వీధిలోకి వస్తే, చిన్న సుత్తీ ఉలీ పెట్టి టకటకమని కొట్టించుకోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. నేను ఆ చుక్కల మీద వేలు పెట్టాను. నలభై ఏళ్ళకు పైగా చింతపండూ, బూడిదా, ఇసుకా. బిందె అడుగు అరిగి చిల్లు పడింది గాని, పేరులో ఒక్క చుక్క పోలేదు. పైన పూసిన రాత పోతుంది, లోపలికి దిగిన రాత లోహం ఉన్నంత కాలం ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నాలుగు కాలాలు తిరిగిన నేను, రోజూ దాని పక్కనే నిలబడి స్నానం చేస్తున్నాను.

"అత్తా, ఈ బిందె నాకిస్తావా?"

"ఏం జేస్తావు?"

"ముక్కలు చేస్తా."

ఆమె బిందెను ఒకసారి చుట్టూ తిప్పి చూసింది. "నా కాపురంలో మిగిలింది ఇదొక్కటే. చిల్లు కాపురం. తీసుకో" అన్నది. మళ్ళీ, "మా నాయన పేరున్న ముక్క మాత్రం ఆ బావిగట్టు దానికి కట్టు" అన్నది.

బిందెను కమ్మరి కొలిమికి తీసుకుపోయాను. ఇనుమును కాల్చి నీళ్ళలో ముంచితే బిగుస్తుందని అందరికీ తెలుసు. రాగిని కాల్చి ముంచితే మెత్తబడుతుందని కమ్మరి ముంచి చూపించేదాకా నాకు తెలియదు. అదే నిప్పు, అవే నీళ్ళు. ఒకటి రాయిలా అయితే ఒకటి ఆకులా వంగింది. పదార్థం ఇంత వింతగా ఉండగా జనం దయ్యాల కోసం ఎందుకు వెతుక్కుంటారో నాకు అర్థం కాదు.

రేకు కత్తెరతో రెండు వేళ్ళ వెడల్పున ముక్కలు కోశాను. తుమ్మ మొద్దు మీద పాత తోలు చెప్పు పరిచి, దాని మీద రేకు పెట్టి, కొస అరగదీసిన మేకుతో చుక్కలు కొట్టాను. పొడుగు పేర్లు పట్టవు గనక జాతికి ఒక్క అక్షరం. దాని కింద నాలుగు గళ్ళు గీసి, వరస ఎన్నోది, ఆ వరసలో కుండ ఎన్నోది, ఏ నెలలో కట్టింది, ఏ చెట్టు నుంచి తెచ్చింది, గడికి ఒక అంకె. తీగను బొటనవేలు దూరేంత వదులుగా వేశాను. అంతకు ముందు ఏడు బిగించి కట్టి ఒక జామకొమ్మకు ఉరి వేసిన అనుభవం ఉంది. తాతగారి పేరున్న ముక్కను తిరగేసి, వెనక వైపు మాత్రం పూర్తిగా "బావిగట్టు" అని కొట్టాను. మంచి పని చేశానని పొంగిపోయాను. పేరు మొక్క మీదే ఉండగా ఏ కుండలో ఏముందో కాగితం మీద దేనికని, ఆ పట్టీ రాయడం మానేశాను.

ఎర్రటి రాగి మీద ఒంటి అక్షరం, దాని కింద గళ్ళు, గళ్ళలో అంకెలు. అది దేనిలా కనపడుతుందో యంత్రాల మీద అన్ని ఉపన్యాసాలు ఇచ్చిన నాకే తట్టలేదు.

చిత్త కార్తె వానలు మొదలయ్యాయి. గాలివాన కొడుతుందంటే ఇద్దరు కూలీలను పెట్టి కుండలన్నీ వసారాలోకి చేర్పించాను. వరసలు కలిసిపోయాయి. రేకులున్నాయి గదా అని పట్టించుకోలేదు. గాలివాన తగ్గాక, మరో నాలుగు రోజుల్లో బండ్లు వచ్చి మొక్కలు ఇళ్ళకు పోవాలి. అదే వారం పాలెంలో పిల్లలకు తట్టు పోసింది. మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె కూతురికి కూడా. ఆమె వసారాలో రేకుల్ని చూసింది. నేను బడిలో ఉన్నాను, అత్త చేను గట్టున పిడకలు తిరగేస్తోంది. ఒక రేకు విప్పుకుపోయి నల్లదారంతో పిల్ల మెడలో కట్టింది. మర్నాటికి జ్వరం దిగింది. తట్టు జ్వరం రావలసిన రోజుకు వచ్చి పోవలసిన రోజుకు పోతుంది. కాని పాలెంలో అలా అనుకోలేదు. ఆ మధ్యాహ్నమే, మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు, తల్లులంతా వచ్చారు. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ముప్ఫైరెండు మొక్కలున్నాయి, ఒక్క రేకు లేదు.

పక్కింటామె చెబితే, మండిపోతూ పాలెం చేరాను. ఇసుకలో ఆడుతున్న పిల్లల మెడల్లో నా రాగి రేకులు మెరుస్తున్నాయి. చేపలామె గుడిసె ముందు నిలబడి, "ఇవి మంత్రాలు కావమ్మా! మామిడి చెట్ల పేర్లు!" అని అరిచాను.

"కోప్పడబాకండి అయ్యోరా" అన్నది ఆమె. "మామిడి చెట్టు చల్లటి చెట్టే గదా."

"చల్లనా లేదు వేడీ లేదు! అక్కడ రాసింది రుమానీ అని!"

"మాకు చదువు రాదు. రాసింది మీరు. మీరు అబద్ధం రాయరని ఊరంతా అంటది. వేరే వాళ్ళ రేకయితే మేం కట్టుకుంటామా?"

అబద్ధం చెప్పడని నాకున్న పేరే వాళ్ళ చేతిలో మంత్రమైంది. ఒక్కొక్కరూ రేకులు విప్పి ఇవ్వబోయారు. అప్పుడు తెలిసింది నాకు అసలు దెబ్బ. రేకులు నా చేతికి వస్తే మాత్రం, ఏ రేకు ఏ మొక్కది? మొక్క నుంచి విడిపోయిన పేరు ఒట్టి రాగి ముక్క. గుడిసె లోపల చాప మీద ఆమె కూతురు నిద్రపోతోంది. మెడలో ఉన్నది తాతగారి పేరున్న రేకే. చెయ్యి చాచాను. పిల్ల మెడ ఇంకా వెచ్చగానే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి వసారా మెట్టు మీద కూలబడ్డాను. "అత్తా, బావిగట్టు పోయింది. ఈ ముప్ఫైరెండింటిలో అది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. ఎల్లుండి అది ఎవరి పెరట్లోకి పోతుందో" అన్నాను.

"ఎందుకు చెప్పలేరు? ఆకు ఉండాది గదా" అన్నది అత్త. "నేను రోజూ నీ రేకు చదివి నీళ్ళు పోస్తా ఉన్నానా?"

నేను నమ్మలేదు. నమ్మకపోవడం నా వృత్తి. మర్నాడు బడి మాని, రైతు తోటకు పోయి, జాతి తెలిసిన చెట్ల నుంచి మూడేసి ఆకులు కోసి, ఏది ఏదో నాకు మాత్రమే తెలిసేలా ఈనెల మీద గంట్లు పెట్టి తెచ్చాను. అత్త కళ్ళకు తుండుగుడ్డ కట్టి, పద్ధెనిమిది ఆకులూ కలిపేసి ఒక్కొక్కటీ చేతికిచ్చాను. ఆమె ఆకును సగానికి మడిచి, విరిచి, వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. "నీలం." "ఇది రసం." "ఇది గూడా రసమే, ముదురాకు." "బెంగుళూరు, పుల్ల వాసన." నడుమ పరీక్షకని ఒక జీడిమామిడి ఆకు ఇచ్చాను. నలిపి నా మీదికి విసిరేసింది. "పిలకాయల్తో ఉండి ఉండి పిలకాయ చేష్టలు నేర్చినావు."

పద్ధెనిమిదికి పద్ధెనిమిదీ సరిపోయాయి. ఒక మనిషి ముక్కులో ఒక తోట మొత్తం ఉంది. ఒక్క అక్షరం రాకుండా, ఒక్క చుక్క కొట్టకుండా, నలభై ఏళ్ళు చెడకుండా ఉంది. నేను ఐదేళ్ళు నిలిచే పేరు కోసం కొలిమి దాకా పోయాను.

ఈ సంగతి వీధిలో పాకి, పక్కింటామె వచ్చి, "మీ అత్తకు అమ్మవారి కటాక్షం ఉండాది అయ్యోరా" అన్నది. నేను నోరు తెరిచే లోపల అత్తే అందుకుంది: "కటాక్షం లేదు, గాడిద గుడ్డూ లేదు. నలభై ఏళ్ళు ఆ ఆకులే ఊడిస్తి, ఆ ఆకులే పొయ్యిలో పెడితి. నువ్వూ ఊడ్చు, నీకూ తెలుస్తది." నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ మాటకు సరితూగవు.

తర్వాత కుండలు. ఆమె వసారాలో వంగి, ఒక్కో మొక్క నుంచి ఒక్కో ముదురాకు తుంచి, పేరు చెబుతూ పోయింది. నేను కుండ మీద సుద్దతో రాస్తూ వెనకే నడిచాను. గోడ మూలనున్న కుండ దగ్గర ఆకు నలిపి, రెండోసారి వాసన చూసింది. ఆకును కొంగున ముడేసుకుని, "ఇదే" అన్నది.

"కాదత్తా" అన్నాను. "బావిగట్టుది అంచు పగిలిన కుండ. సంగం నుంచి వస్తుంటే బండి కుదుపుకు నా కళ్ళ ముందే పగిలింది. అదిగో, ఆ చివర ఉంది."

ఆమె ఆ చివరికి పోయి అంచు పగిలిన కుండలోని ఆకు నలిపింది. "ఇది నీలం."

"నేను కళ్ళారా చూశాను."

"కుండను చూసినావు."

నా ముందు రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి నా కన్ను, ఒకటి ఆమె ముక్కు. రెండూ ఇంట్లో పెట్టుకుందామంటే, నీలం ఇస్తానని మాటిచ్చిన ఇళ్ళలో ఒకటి తప్పిపోతుంది. ఆ వరుసలో చివరి ఇల్లు చేపలామెది. రేకు తీసిందన్న కోపంతో ఆమెకు ఎగ్గొట్టాననిపించుకోవడం నాకు చావు. పద్ధెనిమిదికి పద్ధెనిమిది నెగ్గిన మనిషి మాటను కాదంటే ఇక పరీక్ష పెట్టడం ఎందుకు? అంచు పగిలిన కుండ పాలెం పోయింది. అత్త చూపించిన మొక్కను మా బావి దగ్గర నాటాము. మట్టి నొక్కుతున్నప్పుడు కూడా నా మనసులో ఆ పగిలిన అంచు ఆడుతూనే ఉంది. అత్త మాట తప్పయితే, తాతగారి చెట్టును మేమే చేజేతులా ఉప్పు ఇసుకలోకి పంపించినట్టు.

నెల తర్వాత చేపలామె తాతగారి పేరున్న రేకు తెచ్చిచ్చింది. చింతపండుతో తళతళలాడేలా తోమింది. "దాని పనైపోయింది అయ్యోరా" అన్నది. దానికి ఏ పనీ లేదని మళ్ళీ మొదలుపెట్టబోతే, అత్త నవ్వుతూ రేకు అందుకుంది.

"కట్టరా."

"కట్టను. కాయ కాసి, రుచి చూసేదాకా ఈ పేరు కట్టను. తెలియని దానికి పేరు పెట్టడం మూఢనమ్మకమే."

"సరే. మేకుకు తగిలించు" అన్నది. వసారా గోడ మేకుకు ఆ రేకు ఐదేళ్ళు వేలాడింది. గాలికి గోడ మీద కొట్టుకుంటూ టిక్కుటిక్కుమనేది. ముందు గోధుమరంగుకు తిరిగింది, తర్వాత ఆకుపచ్చ పాకింది. చుక్కలు మాత్రం వెనకటికంటే స్పష్టంగా కనపడేవి. అత్తకు నడుము వంగింది. రెండు వానాకాలాలు ఉబ్బసంతో మంచాన పడింది. ఎవరైనా పలకరిస్తే, "మా వాడు చెట్టుకు పేరు పెట్టాల్సిన పనుండాది. దానికోసం ఉండా" అనేది. తన ముక్కు మీద ఆమెకు అణువంత అనుమానం లేదు. నా కన్ను మీద నాకు నమ్మకం తగ్గలేదు.

ఐదో ఏడు పదకొండు కాయలు నిలిచాయి. ముదిరినవి కోసి, వరిగడ్డిలో పెట్టాము. ఆరో రోజున అత్త ఒకటి తీసి చూసింది. తొక్క పచ్చగానే ఉంది, నొక్కితే వేలు దిగింది. నా చేతిలో పెట్టి, "కొరుకు. తొడిమ దగ్గర" అన్నది.

కొరికాను. తీపి. ఆ తీపి వెనకనుంచి, నాలుక చివర, చిన్న మిరియపు ఘాటు.

దాంతో పాటు నాకు గుర్తొచ్చింది. సంగం నుంచి వచ్చినవి రెండు కుండలు. అంచు పగిలిన దానిలోని అంటు మొక్కే ఎండిపోయింది. కుండ పారేయడం ఎందుకని అందులో నీలం అంటును పెట్టిందీ నేనే. నా కళ్ళు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకున్నాయి. తర్వాత వారం పాలెం నుంచి చేపలామె నాలుగు పళ్ళు పంపింది. నీలం. మంచి నీలం.

అత్త తన పండును తొక్కతో సహా తిన్నది. టెంక చీకి, నీళ్ళతో చెయ్యి కడుక్కుని, "ఇంకేం?" అన్నట్టు వసారా వైపు చూసింది. నేను లేచి మేకు నుంచి రేకు తీశాను. కొత్త తీగ దూర్చి చెట్టు దగ్గరికి వచ్చాను.

"వదులుగా కట్టు. చెట్టు పెరగాల్సుండాది" అన్నది. కట్టాక దగ్గరికి వచ్చి, రేకును తిరగేసి, వెనకనున్న వాళ్ళ నాయన పేరు చుక్కల మీద వేలు పోనిచ్చింది. ఆమెకు చదువు రాదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలికి తెలుసు.

"అయినా ఎందుకురా ఇదంతా? నువ్వు రేకు కడితే గాని చెట్టుకు దాని పేరు తెలవదా?"

"చెట్టుకోసం కాదత్తా" అన్నాను. "మాకోసం. మాకు నీ ముక్కు లేదు గదా."